పులివెందుల బస్సులో నేను, ప్రొద్దుటూరు మైకులో నా గొంతు

దయ్యాల మాట ఎత్తితే మా ఇంట్లో అందరికంటే ముందు నవ్వేది నేనే. జమ్మలమడుగులో మేము అద్దెకు దిగిన ఇంటి మిద్దె మీద రాత్రిళ్లు ఎవరో నడుస్తారని పక్కింటివాళ్లు భయపెట్టారు. నేను మెట్లెక్కి చూశాను. నీళ్ల ట్యాంకు మూత గాలికి కొట్టుకుంటోంది. దాని మీద ఒక రాయి పెట్టి వచ్చాను, ఆ నడక అక్కడితో ఆగిపోయింది.

నా ఉద్యోగం కూడా అలాంటిదే. ప్రొద్దుటూరులో ఒక మూడంతస్తుల బట్టల దుకాణంలో కంట్రోల్ రూమ్ చూసుకుంటాను. నా ముందు ముప్పై రెండు కెమెరాల బొమ్మలు ఉంటాయి. ఐదేళ్లలో చీర కింద ఇంకో చీర కట్టుకుని పోబోయినవాళ్లు కనపడ్డారు. భార్య చీరలు చూస్తుంటే కుర్చీలో గురక పెట్టి నిద్రపోయినవాళ్లు కనపడ్డారు. దయ్యం ఒక్కటీ కనపడలేదు. కనపడి ఉంటే దాన్ని కూడా బిల్లు అడిగేదాన్ని.

అందుకే ఇప్పుడు చెప్పబోయేది నమ్మమని మిమ్మల్ని బతిమాలను. జరిగింది జరిగినట్టు చెబుతాను. నా తప్పు ఎక్కడుందో అది కూడా దాచకుండా చెబుతాను.

ముందు మా దుకాణం సంగతి తెలియాలి. మా సెక్యూరిటీ సిస్టంలో ప్రమాద స్థాయిలు నాలుగు, ఒక్కోదానికి ఒక్కో రంగు. పచ్చ అంటే మామూలు. అప్పుడు ముందు తలుపులు తెరిచి ఉంటాయి, వెనక మెట్ల తలుపులు మాత్రం సరుకుతో ఎవరూ జారుకోకుండా మూసి ఉంటాయి. పసుపు అంటే దొంగతనం అనుమానం. గార్డులు వెనక సందులోకి పరిగెత్తడానికి కింది అంతస్తు వెనక తలుపు ఒక్కటి రెండు నిమిషాలు తెరుచుకుంటుంది. నారింజ అంటే కొట్లాట, ముందు షట్టర్ సగం దిగుతుంది. ఎరుపు అంటే అందరూ బయటికి వెళ్లాలి. లిఫ్టు కిందికి వచ్చి ఆగిపోతుంది, అన్ని అంతస్తుల్లోనూ వెనక తలుపులు తెరుచుకుంటాయి, నా ముందున్న మైకు భవనమంతా వినపడుతుంది. ఏ రంగుకు మార్చాలన్నా కంట్రోల్ రూములో ఉన్న చిన్న గాజు పలక మీద వేలు పెట్టాలి.

పొగ వస్తే దానంతట అదే ఎరుపుకు మారే ఏర్పాటు మొదట్లో ఉండేది. కానీ మా యజమాని శుక్రవారం వచ్చిందంటే అన్ని అంతస్తుల్లో సాంబ్రాణి వేయిస్తాడు. మొదటి శుక్రవారమే సైరన్ మోగి, పెళ్లి బట్టలకు వచ్చిన కుటుంబమంతా రోడ్డు మీద నిలబడింది. సాంబ్రాణి ఆపడం కుదరదు కాబట్టి ఆ ఏర్పాటునే తీసేయించారు. అప్పటి నుంచి పొగ కనిపెడితే నా తెర మీద ఒక గంట బొమ్మ వెలుగుతుంది, అంతే. తర్వాతిది మనిషి చెయ్యాల్సిన పని.

ఇక గార్డులు. ఏడుగురికీ వేలిముద్రలు ఎక్కించి ఉండేవి. వెనక సందులో టీ కొట్టు ఉంది. ముందు నుంచి పోవాలంటే భవనమంతా చుట్టి రావాలి. అందుకని నేను ఏ పనికైనా గదిలో నుంచి లేచిన సమయం చూసి, ఒకరు వచ్చి పసుపు పెట్టేవారు. తలుపు తెరుచుకోగానే మిగతావాళ్లు టీకి పోయేవారు. నెలాఖరుకు రికార్డు తీసి చూస్తే మా దుకాణంలో రోజుకు ఆరేడు సార్లు దొంగలు పడుతున్నారు. మేనేజర్ సారు నన్ను పిలిచి తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

నాకు కోపం వస్తే ముందూ వెనకా చూడను. ఆ సాయంత్రమే ఏడుగురి వేళ్లూ సిస్టంలో నుంచి తీసేశాను. మేనేజర్ సారు వేలు మొదటి నుంచీ లేదు, ఆయన మా గదిలోకి వచ్చేది ఆయుధపూజకు కొబ్బరికాయ కొట్టడానికే. మిగిలింది నా వేలు ఒక్కటే.

నాలుగు రోజుల తర్వాత పులివెందులలో మా అన్న కొత్త ఇంట్లో చేరుతున్నాడని ఒక రోజు సెలవు పెట్టాను. పోయేముందు గుర్రప్ప వేలు మళ్లీ ఎక్కించాలని అనుకున్నాను. గుర్రప్ప గార్డులందరిలో పెద్దవాడు, నమ్మకస్తుడు. కానీ ముందురోజు సాయంత్రం బస్సుకు ఆలస్యమవుతోందని హడావిడిలో మరిచిపోయాను.

అంటే మరుసటి రోజు ఆ భవనంలో వెనక తలుపులు తెరవగల వేలు ఒక్కటీ లేదు. ఉన్న ఒక్క వేలూ నాతో పాటు పులివెందులలో ఉంది. పైగా మూడో అంతస్తులో మా ఆడబిడ్డ పద్మ జాకెట్లు కుడుతుంది. చిన్నప్పటి నుంచి ఆమెకు ఒక కాలు బలహీనం, లిఫ్టు లేకపోతే మెట్లు దిగడానికి చాలా సేపు పడుతుంది. ఆ ఉద్యోగం ఇప్పించింది నేనే.

అన్న ఇంట్లో పాలు పొంగించారు, భోజనాలు అయ్యాయి. మధ్యాహ్నం మా అమ్మ నన్ను పీట మీద కూర్చోబెట్టి ఒడిబియ్యం పోసింది. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి గిటకలు, తమలపాకులు కొంగులో పోసి ముడివేసింది. ఇల్లు చేరేదాకా కింద పెట్టొద్దని చెప్పింది. నేను ఇలాంటివి పెద్దగా పట్టించుకోను గానీ అమ్మ మాట కాదనలేక అలాగే మోసుకుంటూ రెండు గంటలకు జమ్మలమడుగు బస్సెక్కాను. వేళ్లన్నీ పసుపుగా ఉన్నాయి.

ఊరు దాటి అరటితోటలు మొదలయ్యాక గుర్తొచ్చింది గుర్రప్ప వేలు సంగతి.

వెంటనే గుర్రప్పకు ఫోన్ చేశాను, ఎత్తలేదు. మేనేజర్ సారుకు చేశాను, ఎత్తలేదు. పద్మ పనిలో ఉన్నప్పుడు ఫోన్ సంచిలో పెట్టేస్తుంది. ఐదేళ్లలో ఒక్కసారైనా ఎరుపు పెట్టాల్సిన అవసరం వచ్చిందా, ఈ ఒక్క పూటకే వస్తుందా అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

బస్సులో సగం మంది నిద్రపోతున్నారు. కిటికీలో నుంచి వచ్చే గాలి వేడిగా, మెత్తగా ఉంది. అరటితోటలు పోయి బత్తాయిలు కాసే చీనీచెట్లు వచ్చాయి, అవీ పోయి ఎండిన నేల వచ్చింది. చేల గట్ల మీద వరసగా పాతిన నాపరాళ్లు ఒకదాని వెనక ఒకటి వెనక్కి పోతున్నాయి. వాటిని లెక్కపెడుతూ ఉన్నాను. ఒడిలో బియ్యం పసిబిడ్డ బరువుతో వెచ్చగా ఉంది. ఎప్పుడు కళ్లు మూసుకున్నానో తెలియదు.

కలలో నేను కంట్రోల్ రూములో ఉన్నాను. లోపలికి ఎలా వచ్చానో లేదు, ఉన్నాను అంతే. గది చల్లగా, నీళ్లలో మునిగినట్టు నిశ్శబ్దంగా ఉంది. తెరల మీద మనుషులు చాలా నెమ్మదిగా కదులుతున్నారు. ఒకామె చీర మడత విప్పుతోంది, ఆ చీర విప్పే కొద్దీ వస్తూనే ఉంది, నేల మీద పరుచుకుని మెట్ల దాకా పోతోంది. పొగ ఎక్కడా కనపడలేదు. తెర మీద పచ్చ రంగు మాత్రం మామూలు కంటే ఎక్కువగా మెరుస్తోంది. ఇంత పచ్చగా ఉండకూడదే అనిపించింది.

నాకు భయం వేయలేదు, తొందర కూడా లేదు. వంగితే బియ్యం ఒలికిపోతుందేమోనన్నది ఒక్కటే దిగులు. ఎడమచేత్తో కొంగు ముడి పట్టుకుని కుడిచేతి వేలు గాజు పలక మీద పెట్టాను. తీసుకోలేదు. వేలికి పసుపు ఉంది కదా అని పమిటకు తుడుచుకుని మళ్లీ పెట్టాను. ఎరుపు వచ్చింది. గదంతా సంజె వెలుగులా ఎర్రబడింది, చూడ్డానికి చాలా బాగుంది.

అప్పుడు మైకు తీసుకున్నాను. అలాంటప్పుడు చదవడానికి మాకు ఒక కాగితం ఉంది, 'గౌరవనీయులైన వినియోగదారులకు' అని మొదలవుతుంది. అది నాకు గుర్తు రాలేదు. ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడాను.

"అమ్మల్లారా, అప్పల్లారా, యాడి బట్టలు ఆడ్నే ఇడ్సిపెట్టి ఎనకాల మెట్ల మీద కిందికి దిగండి. ఉరకొద్దండి. ముసిలోళ్లను ముందు దిగనీండి."

ఎవరో భుజం పట్టి ఊపారు. కళ్లు తెరిస్తే కండక్టర్ నా మీదికి వంగి ఉన్నాడు. ముందు సీట్లలో ఇద్దరు ఆడవాళ్లు సంచులు చంకన పెట్టుకుని లేచి నిలబడి ఉన్నారు. నా మాట విని నిజంగానే బస్సు దిగబోయారట.

"ఏందిమ్మా, నిద్దర్లో అందరినీ దిగమంటాండావు? బస్సుకు ఏమన్నా అయిందనుకోరా?" అన్నాడు కండక్టర్.

నా పక్క సీట్లో గొర్రెలు మేపే ఒక ముసలామె ఉంది. కొండాపురం దగ్గర, గండికోట ప్రాజెక్టు నీళ్లలో ఊరు మునిగినవాళ్లకు కట్టిన కాలనీలో ఉంటానని ఎక్కినప్పుడే చెప్పింది. ఆమె నా మొహం చూసి నీళ్ల సీసా చేతికిచ్చింది. "కలే లేపా. శానా గెట్టిగా పిలిచినావు, ఎవురికో ఇనపడే ఉంటాది" అంది. ఆ మాటకు అప్పుడు నేనేమీ అనుకోలేదు.

బస్సు అప్పటికే ముద్దనూరులో ఆగుతోంది. ఫోన్ తీసి చూస్తే మూడూ పదమూడు. గుర్రప్పకు మళ్లీ చేశాను, ఎత్తలేదు. ముసలామె దిగుతుంటే ఆమె గంప కిందికి అందించాను. దిగి పంపు దగ్గర మొహం కడుక్కున్నాను. డ్రైవర్ టీ తాగి వచ్చేదాకా, అంటే ఓ పది నిమిషాలు, అక్కడే వేపచెట్టు నీడలో నిలబడ్డాను. ఈ పది నిమిషాలూ నేను పూర్తి మెలకువలో ఉన్నాను. ఎందుకు నొక్కి చెబుతున్నానో తర్వాత తెలుస్తుంది.

జమ్మలమడుగులో దిగుతుండగా పద్మ ఫోన్ చేసింది. ఏడుపు, దగ్గు, వెనకాల జనం గోల.

"వదినా, యాడుండావు? అందరం రోడ్డు మీద ఉండాం. నువ్వు ఒగదానివే బయటికి రాలేదని గేటు కాడ్నే నిలబడుకోని చూస్తాండా!"

పులివెందుల నుంచి నేరుగా డ్యూటీకి వచ్చేశానని అనుకుందట. నేను జమ్మలమడుగులో ఉన్నానంటే ఆమె నమ్మలేదు, పొగ ఎక్కువై ఏదో మాట్లాడుతున్నాననుకుంది.

జరిగింది ఇది. మూడు గంటలు దాటాక సెల్లార్‌లో అట్టపెట్టెల దగ్గర వైర్లు కాలాయి. పొగంతా ముందు మెట్ల గుండా పైకి ఎక్కింది. పైన పెళ్లిళ్ల సీజన్ జనం. వాళ్లు పొగ చూసి కేకలు వేసేలోపే ఎరుపు సైరన్ మోగి వెనక తలుపులు తెరుచుకున్నాయి. మైకులో నా గొంతు వినపడింది. అందరూ వెనక మెట్ల మీద దిగిపోయారు. పద్మను ఇద్దరు సేల్స్ అమ్మాయిలు పట్టుకుని దించారు. ఒక్క ప్రాణం పోలేదు.

మరుసటి రోజు పొద్దున నేను పోయేసరికి అందరూ నా చుట్టూ చేరారు. ఒకామె నా చేతులు కళ్లకు అద్దుకుంది. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

కంట్రోల్ రూములో కెమెరా లేదు. అందరినీ చూసే గదిని చూసేవాళ్లు లేరు. అందుకని రికార్డు తెరిచాను. మూడూ పది నిమిషాలకు ఒక వేలిముద్ర, 'సరిపోలలేదు' అని ఉంది. దాని కింద ఇంకో వరస, అదే నిమిషం, నా పేరు, సరిపోయింది, స్థాయి ఎరుపు. ఆ మొదటి వరస చూడగానే కలలో పసుపు వేలిని పమిటకు తుడుచుకుని మళ్లీ పెట్టింది గుర్తొచ్చింది. మైకులో ఏం మాట్లాడామో నమోదు కాదు, ఎప్పుడు తెరిచామో మాత్రమే ఉంటుంది. మూడూ పదకొండుకు ఒకసారి, మూడూ పంతొమ్మిదికి ఇంకోసారి మైకు తెరుచుకుంది.

కడప నుంచి టెక్నీషియన్ వచ్చి రెండు రోజులు అంతా తిరగేశాడు. వేలు లేకుండా ఆ వరస పడే దారి లేదన్నాడు. బయటి నుంచి ఎవరైనా చేశారా అంటే, ఆ గాజు పలకకు బయటితో సంబంధమే లేదన్నాడు. చివరికి నన్నే అనుమానంగా చూశాడు.

గుర్రప్ప మూడు రోజులు నా కంట పడకుండా తిరిగి, నాలుగో రోజు తనే వచ్చాడు.

"వేణమ్మా, నీకు ఒగటి చెప్పాల. ఆ పొద్దు నేను గదిలో లేను. తాళం ఏసి, చెవి జోబులో పెట్టుకోని, ముందు నుంచి సుట్టుకోని టీకి పోయినా. ఫోను కూడా గదిలోనే మర్సినా. వచ్చి సూస్తే తాళం ఏసింది ఏసినట్లే ఉండాది. లోపల నువ్వు మాట్లాడతాండావు. బయమేసి తాళం తీయకనే జనంతో పాటు బయటికొచ్చినా."

రెండో తాళంచెవి మేనేజర్ సారు దగ్గర ఉంటుంది. ఆయన ఆ పూట చాపాడులో పెళ్లిలో ఉన్నాడు, ఫొటోల్లో కూడా ఉన్నాడు.

సారు నన్ను పిలిచి మెల్లగా చెప్పాడు. ఫైర్ వాళ్లకు రాసివ్వాలి, ఆ రోజు డ్యూటీలో ఉన్నానని సంతకం పెట్టు, నీ సెలవు కాగితం సంగతి నేను చూసుకుంటా, దుకాణానికీ మంచిది నీకూ మంచిది అన్నాడు. పెన్ను కూడా చేతిలో పెట్టాడు. ఒక్క నిమిషం నిజంగానే పెట్టేద్దామనిపించింది. అందరూ దేవతను చూసినట్టు చూస్తున్నారు. సంతకం పెడితే నేను వేళ్లు తీసేసిన సంగతి ఎప్పటికీ బయటికి రాదు.

పెట్టలేకపోయాను. ఆ పొగలో వాళ్లందరినీ తలుపులు మూసి వదిలేసి పోయింది నేను. మీ వేలు లేదు సార్, గార్డుల వేళ్లు కూడా లేవు, నేనే తీసేశాను, ఆ సమయానికి నేను ముద్దనూరులో ఉన్నాను అని చెప్పేశాను. బస్సు టికెట్ ఆయన టేబుల్ మీద పెట్టాను. నెల రోజులు నన్ను ఆ గదిలోకి రానివ్వలేదు, చీరలు మడిచే పని ఇచ్చాడు. అది కూడా తక్కువ శిక్షే. ఇప్పుడు ఎనిమిది మంది వేళ్లు ఉన్నాయి, వెనక తలుపులు లోపలి నుంచి తోస్తే తెరుచుకునేలా మార్చారు.

ఇక్కడి దాకా నాకు నేను ఏదో ఒకటి చెప్పుకున్నాను. భయంతో నిద్రపోయాను, ఆ భయమే కలగా వచ్చింది. మనసు అంత గట్టిగా కోరుకుంటే చెయ్యి పాతిక ముప్పై కిలోమీటర్లు చాస్తుందేమో. పిచ్చిమాటే, అయినా పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండేది.

నెలన్నర తర్వాత ఒక సాయంత్రం పద్మా నేనూ గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నాం. మాటల్లో ఆమె అంది.

"అన్నీ సరే గానీ వదినా, ట్రయల్ రూములో ఆమె ఉండాదని నీకు ఎట్ల తెల్సె?"

ఏ ఆమె అన్నాను.

అందరూ దిగిపోయాక పద్మ మూడో అంతస్తులో చివరగా మిగిలిందట. అమ్మాయిలు వచ్చి పట్టుకోబోతుంటే మైకులో మళ్లీ నా గొంతు వచ్చిందట. "పద్మా, మూలన ఉండే ట్రయల్ రూములో ఒకామె ఉండాది. ఆమెకు చెవులు ఇనపడవు. తలుపు కొట్టొద్దు, ఇనపడదు. కింద సందులో చెయ్యి పెట్టి ఊపు." పద్మ ఆ బలహీనమైన కాలితోనే నేల మీద పడుకుని, తలుపు కింద చెయ్యి పెట్టి ఊపింది. లోపల ఒక పుట్టుచెవిటి అమ్మాయి, అద్దం ముందు నిలబడి పెళ్లిచీర కట్టుకుని చూసుకుంటోంది. ఆమెకు ఏ సైరనూ వినపడలేదు.

"నువ్వే కదా చెప్పినావు, నీకు తెలుసులే అని ఊరకుండా" అంది పద్మ.

ట్రయల్ రూముల్లో కెమెరాలు ఉండవు. ఆ గదిలో నేనే కూర్చుని ఉన్నా ఆమె లోపల ఉందని తెలిసే దారి లేదు, ఆమెకు వినపడదని అసలే తెలియదు. నా కల అప్పటికే అయిపోయింది. మూడూ పంతొమ్మిదికి నేను ముద్దనూరులో వేపచెట్టు కింద, తడి మొహంతో, కళ్లు తెరుచుకుని నిలబడి ఉన్నాను. మొదటి మాటలు నావే అని ఒప్పుకుంటాను. ఈ రెండోది నేను అనలేదు.

ఆ అమ్మాయి పెళ్లయ్యాక మొగుడితో దుకాణానికి వచ్చింది. పద్మ వేలు పెట్టి నన్ను చూపించింది. ఆమె దగ్గరికి వచ్చి, నా గొంతు మీద రెండు వేళ్లు ఆనించి, ఆ వేళ్లను తన కళ్లకు అద్దుకుంది. నేను కాదమ్మా అని చెప్పాలనుకున్నాను. ఆమెకు వినపడదు. చేతులతో ఎలా చెప్పాలో నాకు తెలియదు. తెలిసినా, నేను కాకపోతే మరెవరు అని ఆమె అడిగితే చెప్పడానికి నా దగ్గర ఈ రోజుకీ ఏమీ లేదు.